కారు దారిలో ఆగితే ఎవరి బండి వస్తుంది? బెంగళూరు నుంచి ఊళ్లకు వెళ్లేవాళ్లు రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌లో చూడాల్సినవి

కారు కొన్నప్పుడో, ఇన్సూరెన్స్ రెన్యువల్ చేసేటప్పుడో రోడ్‌సైడ్ అసిస్టెన్స్, అంటే కారు దారిలో ఆగితే సాయం పంపే సర్వీస్, అనే మాట ఎదురవుతుంది. పక్కన చిన్న గడి ఉంటుంది, టిక్ పెడితే ప్రీమియంకి ఇంకొన్ని వందలు కలుస్తాయి. కొందరు టిక్ పెట్టేసి మర్చిపోతారు, కొందరు డబ్బు దండగ అని తీసేస్తారు. అందులో ఏం రాసి ఉందో చదివేవాళ్లు మాత్రం రెండు వైపులా తక్కువే. కారు ఆగిపోయిన రోజున, అదీ రాత్రిపూట, పిల్లలూ పెద్దవాళ్లూ లోపల కూర్చుని ఉన్నప్పుడు, ఆ కాగితం మొదటిసారి తెరుస్తారు.

బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ విషయాన్ని మిగతావాళ్లకంటే కాస్త ఎక్కువ పట్టించుకోవాలి. కారణం వాళ్లు తిరిగే దారులు. మారతహళ్లిలో కారు ఆగితే వెనక హారన్లు మోగుతాయి, ఆఫీసుకి ఆలస్యమవుతుంది. అయినా ఫోన్ కొడితే ఏదో ఒక మెకానిక్ దొరుకుతాడు, ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోవచ్చు. అదే కారు సంక్రాంతికి రెండు రోజుల ముందు, అనంతపురం వెళ్తూ బాగేపల్లి దాటాక మొరాయిస్తే సంగతి వేరు. మదనపల్లె వైపు, పలమనేరు దాటి మొగిలి ఘాట్ మీద, గుత్తికీ డోన్‌కీ మధ్య కూడా అంతే. డబ్బు కట్టి కవర్ తీసుకునేది ముఖ్యంగా ఇలాంటి చోట్ల కోసం. అందుకే ‘ఏ కంపెనీ మంచిది’ అని అడిగేముందు ‘మన కారు ఏ దారిలో ఎక్కువ తిరుగుతుంది’ అని చూసుకోవాలి. ఇది తేలకుండా రెండు కంపెనీల బ్రోచర్లు పక్కపక్కన పెట్టుకుని పోల్చినా ఉపయోగం లేదు. బ్రోచర్‌లో అందరూ ఇంచుమించు ఒకే జాబితా రాస్తారు: టోయింగ్ (ఆగిన కారుని వ్యాన్‌తో తీసుకెళ్లడం), పంక్చర్, బ్యాటరీ, పెట్రోల్, తాళం.

ముందు చేతిలో ఏముందో చూడండి

కొత్తది కొనే ముందు, ఇప్పటికే ఉన్నదేంటో తెలుసుకోవడం మంచిది. చాలా కార్లకు వారంటీతో పాటు తయారీ కంపెనీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ మొదటి కొన్నేళ్లు వస్తుంది. డీలర్‌కి ఫోన్ చేసి ఛాసిస్ నంబరు చెబితే ఎప్పటిదాకా ఉందో చెప్తారు. అది ఉండగానే ఇన్సూరెన్స్‌లో ఇంకోటి, ఏదో యాప్‌లో మరోటి కట్టేవాళ్లు ఉన్నారు. మూడు కార్డులున్నంత మాత్రాన బండి మూడు రెట్లు వేగంగా రాదు.

దీనికంటే ప్రమాదకరమైన పొరపాటు ఇంకోటి ఉంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారు కొంటే, మన కారు వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మూడేళ్లకి ఒకేసారి తీసుకోవాలి. మన కారుకి జరిగే నష్టాన్ని భరించే ఓన్ డ్యామేజ్ భాగం మాత్రం చాలామందికి ఏడాదికే ఉంటుంది. ఏడాది తర్వాత దాన్ని రెన్యూ చేయకపోయినా కాగితం మీద థర్డ్ పార్టీ గడువు మూడేళ్లు కనిపిస్తూనే ఉంటుంది, పోలీసులు ఆపినా ఇబ్బంది రాదు. దాంతో ‘ఇన్సూరెన్స్ ఉందిలే’ అనుకుంటారు. కానీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ యాడ్-ఆన్ (పాలసీకి అదనంగా డబ్బు కట్టి కలుపుకునే కవర్) ఓన్ డ్యామేజ్‌తోనే ఉంటుంది, అది పోయిన రోజే ఇదీ పోతుంది. పాలసీ పేపర్ తీసి, రెండు భాగాల గడువు తేదీలూ విడివిడిగా చూసుకోవాలి.

మామూలు ఓన్ డ్యామేజ్ పాలసీలో కారుని గ్యారేజీకి చేర్చే ఖర్చు కొంత ఇస్తారు కదా అని కొందరంటారు. నిజమే, ప్రైవేటు కార్లకు పాత టారిఫ్ (మోటారు బీమా రేట్లు, షరతుల పట్టిక) నుంచి వస్తున్న పరిమితి 1,500 రూపాయలు. అయితే అది ప్రమాదం జరిగి కారు దెబ్బతిన్నప్పుడే. సెల్ఫ్ తీసుకోకపోయినా, క్లచ్ పోయినా, రేడియేటర్ పొగలు కక్కినా ఆ 1,500 రావు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఇంకో పని చేయాలి. ఇన్సూరెన్స్ తమ పేరు మీదికి మార్చమని 14 రోజుల్లోపు కంపెనీకి అప్లికేషన్ పెట్టాలి. పాత ఓనర్ పేరు, పాత ఫోన్ నంబరు మీద ఉన్న కవర్‌తో రాత్రి పన్నెండింటికి కాల్ సెంటర్‌ని ఒప్పించడం అంత సులువు కాదు. ఏపీ, తెలంగాణ నంబరు ప్లేటుతో బెంగళూరులో తిరిగే కార్లకు మాత్రం రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కోసం ప్రత్యేకంగా టెన్షన్ అక్కర్లేదు. కవర్ సాధారణంగా ఆ బండికి ఇస్తారు, ఏ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ అయిందన్నది అడ్డు కాదు.

కార్డు మీద ఒకరు, రోడ్డు మీద ఇంకొకరు

ఫోన్ చేసినప్పుడు ఏం జరుగుతుందో తెలిస్తే ఎంపిక చాలావరకు తేలికవుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీలకూ కార్ల కంపెనీలకూ సాధారణంగా సొంత టోయింగ్ బళ్లు ఉండవు. అవి ఒక అసిస్టెన్స్ సంస్థతో ఒప్పందం పెట్టుకుంటాయి. ఆ సంస్థ ఊరూరా ఉండే రికవరీ వ్యాన్ల ఓనర్లతో, మెకానిక్ షెడ్లతో ఒప్పందం పెట్టుకుంటుంది. మీ కాల్ ఎక్కడో ఇంకో నగరంలో కూర్చున్న మనిషికి వెళ్తుంది. ఆయన పాలసీ నంబరు సరిచూసి, మీ ఫోన్‌కి లొకేషన్ లింక్ పంపి, ఆ చుట్టుపక్కల ఒప్పందం ఉన్నవాళ్లకి ఒకరి తర్వాత ఒకరికి ఫోన్ చేస్తారు. ఒప్పుకున్న డ్రైవర్ తిరిగి మీకు ఫోన్ చేసి ‘ఎక్కడున్నారండీ’ అని మళ్లీ మొదటి నుంచీ అడుగుతాడు. కాల్ సెంటర్‌తో ఇంగ్లీషులోనో హిందీలోనో మాట్లాడాల్సి వచ్చినా, ఈ డ్రైవర్‌తో తెలుగులో నడిచిపోతుంది. బాగేపల్లి కర్ణాటకలోనే ఉన్నా అక్కడ ఇళ్లలో, అంగళ్లలో వినిపించేది ఎక్కువగా తెలుగే. డ్రైవర్‌కి చెప్పాల్సింది పక్కనున్న హోటల్ పేరు మాత్రమే కాదు, కిలోమీటరు రాయి మీద నంబరు, ఏ ఊరి వైపు వెళ్లే రోడ్డులో ఉన్నారు అన్నది. డివైడర్‌కి అవతలి వైపు ఉంటే, యూటర్న్ కోసం అతను చాలా దూరం తిరిగి రావాల్సి ఉంటుంది.

అంటే మూడు వేర్వేరు కంపెనీల కార్డులున్న ముగ్గురికి ఒకే వ్యాన్, ఒకే డ్రైవర్ రావచ్చు. అందుకే కంపెనీ పేరుకి మరీ అంత బరువు ఇవ్వక్కర్లేదు. బరువున్న ప్రశ్నలు మూడే: మన దారిలో వీళ్లకు బండి ఉందా, ఎంత దూరం తీసుకెళ్తారు, రాకపోతే ఏం చేస్తారు.

మొదటిది కొనేముందే అడగొచ్చు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ‘ఇండియా అంతా సర్వీస్ ఉందా’ అంటే ఉందనే చెప్తారు. ‘రాత్రి పదకొండింటికి బాగేపల్లి టోల్ దాటాక కారు ఆగితే బండి ఏ ఊరి నుంచి వస్తుంది, మామూలుగా ఎంతసేపు పడుతుంది’ అని అడగాలి. సమాధానం సూటిగా రాకపోయినా ఆ ఫోన్ కాలే ఒక పరీక్ష. మనిషి లైన్‌లోకి రావడానికి ఎంతసేపు పట్టింది, ఊరి పేరు చెప్తే అర్థమైందా, ఏ భాషలో మాట్లాడగలిగారు అన్నవన్నీ తెలిసిపోతాయి. కొన్ని ప్లాన్లలో ‘ఫలానా నగరాల కేంద్రం నుంచి 100 కిలోమీటర్ల లోపు’ అనే షరతు ఉంటుంది. బెంగళూరు నుంచి లెక్కేస్తే చిక్కబళ్లాపూర్ హాయిగా లోపలే ఉంటుంది, బాగేపల్లి సరిగ్గా ఆ అంచున పడుతుంది. ఆ నగరాల జాబితాలో అనంతపురం, కర్నూలు, చిత్తూరు, తిరుపతి ఉన్నాయో లేదో చూస్తే, మీ దారిలో ఎక్కడ ఖాళీ ఉందో తేలిపోతుంది.

కిలోమీటర్ల లెక్క

‘50 కిలోమీటర్ల వరకు టోయింగ్ ఉచితం’ అని రాసి ఉందనుకుందాం. పెనుకొండ దగ్గర కారు ఆగింది. ఆ కార్ల కంపెనీ సర్వీస్ సెంటర్ అనంతపురంలో ఉంది, సుమారు 70 కిలోమీటర్లు. వ్యాన్ హిందూపురం నుంచి బయల్దేరింది, అక్కడికి రావడానికి దాదాపు 40 కిలోమీటర్లు. ఇప్పుడు 50 ఎక్కడి నుంచి లెక్కపెడతారు? కారు ఎక్కించిన చోటు నుంచి దించిన చోటు దాకా అయితే మీరు కట్టాల్సింది 20 కిలోమీటర్లకే. వ్యాన్ తన షెడ్డు నుంచి కదిలినప్పటి నుంచి అయితే 60 కిలోమీటర్లకి. మళ్లీ షెడ్డుకి చేరేదాకా అయితే మొత్తం 220, అందులో 170 కిలోమీటర్లు మీ జేబులోంచే. షరతు ఒకటే, ‘50 కిలోమీటర్లు ఉచితం’. లెక్క మారితే బిల్లు వేలల్లో మారిపోతుంది. కొనేముందు అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే. పాలసీ వివరాల్లో దొరక్కపోతే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి. అదనపు కిలోమీటరుకి రేటు ఎంతో కూడా అదే మెయిల్‌లో అడిగేయొచ్చు.

ఇంకో సంగతి కూడా చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. టోయింగ్ అంటే దగ్గర్లోని వర్క్‌షాపుకి చేర్చడమే, బెంగళూరులో మీ ఇంటికి తెచ్చి దించడం కాదు. కారు అనంతపురంలో మూడు రోజులు ఉంటే మనుషులు ఊరికెళ్లేదెలా? కొన్ని ప్లాన్లలో కొంత దూరం వరకు టాక్సీ, ఒక రాత్రి బస కలిపి ఇస్తారు. ముసలివాళ్లతో, పసిపిల్లలతో ప్రయాణించే కుటుంబాలకు పెట్రోల్ తెచ్చిచ్చే సదుపాయం కంటే ఇది ఎంతో విలువైనది.

మూడో ప్రశ్న, వాళ్ల బండి రాకపోతే ఏంటని. పండగ ముందు రాత్రి ఒకే దారిలో ఎన్నో కార్లు ఆగుతాయి. ఆ ప్రాంతంలో ఒప్పందం ఉన్న వ్యాన్లు ఒకటో రెండో అయితే ఎంత పెద్ద కంపెనీ అయినా చేసేదేమీ ఉండదు. అప్పుడు స్థానికంగా ఒక వ్యాన్ మాట్లాడుకుని, బిల్లు పెడితే డబ్బు తిరిగి ఇస్తారా? ఇస్తామని పాలసీలో రాసి ఉన్న ప్లాన్, కొంచెం ఖరీదైనా సరే, తీసుకోదగ్గది. దానికి సాధారణంగా ముందుగా కాల్ సెంటర్ అనుమతి కావాలి, వ్యాన్ నంబరు ఉన్న సరైన బిల్లు కావాలి. కాల్ చేసిన సమయం, వాళ్లిచ్చిన రిక్వెస్ట్ నంబరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే తర్వాత వాదన ఉండదు.

నగరంలో ఎదురయ్యేవి

బెంగళూరులో కారు ఆగడానికి మామూలు కారణం బ్యాటరీ. వారాల తరబడి కదలకుండా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో పడి ఉన్న కారు ఒక ఉదయం సెల్ఫ్ తీసుకోదు. జంపర్ కేబుల్‌తో స్టార్ట్ చేసిపెట్టడం దాదాపు అన్ని ప్లాన్లలోనూ ఉంటుంది. బ్యాటరీయే చచ్చిపోతే కొత్తదానికి డబ్బు మనదే. బ్యాటరీకి వేరే వారంటీ ఉంటుంది కాబట్టి, కారు కవర్‌కి ఫోన్ చేసే ముందు బ్యాటరీ మీదున్న తేదీ ఒకసారి చూడటం లాభం.

స్టార్ట్ కాకపోతేనే అసలు సమస్య. కారుని మొత్తంగా పైకెక్కించుకుని తీసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ వ్యాన్ బేస్‌మెంట్‌లోకి రాదు, ఎత్తు చాలదు. ఆటోమేటిక్ గేరు కారు బ్యాటరీ పోయినప్పుడు పార్కింగ్ గేరులోనే బిగుసుకుపోవచ్చు, ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ ఉంటే అదీ విడవదు. దాన్ని తోసుకుంటూ ర్యాంప్ ఎక్కించడం జరిగే పని కాదు. చక్రాల కింద చిన్న డాలీలు పెట్టి బయటికి లాగే సరంజామా అందరి దగ్గరా ఉండదు. కారుని బేస్‌మెంట్‌లో పెట్టేవాళ్లు కొనేముందు ఇది అడిగి తీరాలి. గేరు లాక్‌ని చేత్తో విడిపించే పద్ధతి కారు మాన్యువల్‌లో ఉంటుంది, ఖాళీ ఉన్న రోజు ఒకసారి చదివి ఉంచుకోవడం మంచిది.

ఆటోమేటిక్, ఫోర్ వీల్ డ్రైవ్, ఎలక్ట్రిక్ కార్లున్నవాళ్లు ఫ్లాట్‌బెడ్ తప్ప వేరే దానికి ఒప్పుకోకూడదు. ముందు చక్రాలో వెనక చక్రాలో పైకెత్తి, మిగతావి రోడ్డు మీద దొర్లించుకుంటూ లాక్కెళ్తే గేర్‌బాక్స్ గానీ మోటారు గానీ పాడయ్యే ప్రమాదం ఉంది. డ్రైవర్ ‘ఏం కాదు సార్, దగ్గరే కదా’ అన్నా సరే. ప్లాన్‌లో ‘ఫ్లాట్‌బెడ్’ అన్న మాట ఉందో లేదో చూడాలి. ఎలక్ట్రిక్ కారు చార్జింగ్ అయిపోతే దగ్గర్లోని చార్జింగ్ స్టేషన్ దాకా తీసుకెళ్లడం టోయింగ్ లెక్కలోకి వస్తుందా, ఏడాదికి ఇన్నిసార్లే అనే పరిమితి ఉందా అన్నదీ అడగాలి.

టైర్ల విషయం చిన్నది గానీ తేడా కొడుతుంది. పంక్చర్ సర్వీస్ అంటే చాలాసార్లు అర్థం మీ స్టెప్నీ తీసి బిగించడమే. స్టెప్నీలో గాలి లేకపోతే, లేదా కొన్ని కొత్త మోడళ్లలోలా స్టెప్నీయే ఇవ్వకుండా రిపేర్ కిట్ ఇచ్చి ఉంటే, ఆ సర్వీస్ టోయింగ్‌గా మారిపోతుంది. ఊరికి బయల్దేరే ముందు బంకులో నాలుగు టైర్లతో పాటు స్టెప్నీకీ గాలి కొట్టించడం ఏ ప్లాన్ కంటే చవక. పెట్రోల్ తెచ్చిచ్చే సర్వీస్‌లో సాధారణంగా ఐదు లీటర్లు తెస్తారు, పెట్రోల్ ధర వేరుగా కట్టాలి.

వానల గురించి మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల కార్లు నీళ్లలో మునిగినప్పుడు ఎంతోమందికి ఒక సంగతి తెలిసొచ్చింది. మునిగిన కారుని టోయింగ్ చేసి తీసుకెళ్తారు, కానీ నీళ్లలో స్టార్ట్ చేసినందువల్ల ఇంజిన్ పాడైతే ఆ ఖర్చు రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌లో ఉండదు. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అనే వేరే యాడ్-ఆన్ కావాలి. నీళ్లు తగిలిన కారుని ఒక్కసారి కూడా స్టార్ట్ చేసి చూడకూడదు. 2023 మే 21న కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నిండిన వాన నీళ్లలో కారు చిక్కుకుని, ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న ఒక యువతి చనిపోయింది. అలాంటి చోట ఏ హెల్ప్‌లైనూ టైముకి రాదు. నీళ్లు కనిపిస్తే అండర్‌పాస్‌లోకి దిగకపోవడం, చిక్కుకుంటే కారు వదిలి బయటపడటం తప్ప వేరే మార్గం లేదు.

ఎవరికి ఏది

వారంటీలో ఉన్న కారుకి తయారీ కంపెనీ ఇచ్చేదే సాధారణంగా సరిపోతుంది. తమ సర్వీస్ సెంటర్‌కే చేరుస్తారు కాబట్టి వారంటీ పేచీలూ తగ్గుతాయి. అయితే ఆ బ్రాండ్ సర్వీస్ సెంటర్ మీ దారిలో ఎంత దూరానికొకటి ఉందో మ్యాప్‌లో చూసుకోవాలి. వారంటీ దాటిన కారుకి ఇన్సూరెన్స్ యాడ్-ఆన్ చవకైన మార్గం, దాన్ని వాడుకున్నా సాధారణంగా నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోదు. ఏడాదికి ఎన్నిసార్లు పిలవొచ్చో పరిమితి ఉంటుంది, అది చూసుకుంటే చాలు. పదేళ్లకు దగ్గరపడ్డ కారుతో నెలనెలా ఊరికి వెళ్లేవాళ్లకు విడిగా అమ్మే ప్లాన్ ఉపయోగం. ఖరీదు ఎక్కువే, కానీ టోయింగ్ దూరం కూడా ఎక్కువ ఇచ్చేవి దొరుకుతాయి. కారు వయసు మీద పరిమితి ఉందేమో ముందే అడగాలి. ఊరు వైపు వెళ్లకుండా ఇల్లు, ఆఫీసు మధ్యే తిరిగే కారుకి ఏడాదికి వేలు పోసి ప్లాన్ కొనడం అనవసరం. దగ్గర్లో నమ్మకమైన మెకానిక్ నంబరు, కార్లో ఒక జత జంపర్ కేబుల్స్ ఉంటే చాలావరకు గడిచిపోతుంది.

జాతీయ రహదారి మీద ఏ కవర్ ఉన్నా లేకపోయినా ముందు చేయాల్సిన ఫోన్ 1033. అది జాతీయ రహదారుల సంస్థ హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది. పెట్రోలింగ్ బండి, క్రేన్ పంపి కారుని లైన్లోంచి పక్కకి జరిపించడం వాళ్ల పని, వర్క్‌షాపుకి చేర్చడం కాదు. రాత్రిపూట వెనక నుంచి వచ్చే లారీలే పెద్ద ప్రమాదం కాబట్టి ఆ పక్కకి జరపడమే మొదటి అవసరం. ఈలోపు అందర్నీ దించి రెయిలింగ్ అవతల నిలబెట్టాలి, ఎర్ర త్రికోణాన్ని కారుకి బాగా వెనకగా పెట్టాలి.

కంగారులో ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన నంబరుకి ఫోన్ చేయడం ఇంకో ప్రమాదం. కస్టమర్ కేర్ పేరుతో దొంగ నంబర్లు పెట్టి, బండి బయల్దేరాలంటే ముందు యూపీఐలో అడ్వాన్స్ వేయమనే ముఠాలున్నాయి. పాలసీ పేపర్ మీదున్న నంబరునే కుటుంబంలో డ్రైవింగ్ వచ్చిన అందరి ఫోన్లలోనూ సేవ్ చేయాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

ఇబ్బంది జరిగాక ఎవరికి ఫిర్యాదు చేయాలన్నది కవర్ ఎక్కడ కొన్నారన్నదాని మీద ఆధారపడుతుంది. ఇన్సూరెన్స్ యాడ్-ఆన్ అయితే ముందు కంపెనీకి రాసి, నెలలోపు తేలకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, బెంగళూరులోనే ఆఫీసు ఉంది. బీమా నియంత్రణ సంస్థ నడిపే బీమా భరోసా పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. విడిగా కొన్న ప్లాన్ ఇన్సూరెన్స్ కాదు, సర్వీస్ ఒప్పందం. దానికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్. ఈ తేడా వల్ల, మిగతా షరతులు సమానంగా ఉన్నప్పుడు యాడ్-ఆన్‌ వైపే మొగ్గడం మంచిది.

యాడ్-ఆన్‌ని సాధారణంగా రెన్యువల్ అప్పుడే కలుపుకోవాలి, ఏడాది మధ్యలో కుదరదు. పండగలోపు రెన్యువల్ లేనివాళ్లకి విడి ప్లానే దారి. అది కూడా కొన్న రోజు నుంచే పనిచేయకపోవచ్చు. యాక్టివేట్ కావడానికి కొన్ని రోజులు పట్టేవి ఉన్నాయి, అప్పటికే ఆగిపోయి ఉన్న కారుకి అవి వర్తించవు. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు డిసెంబరు ఆఖరుకల్లా కొనేసి, పాలసీ నంబరు వచ్చాక ఒకసారి హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కారు నంబరు వాళ్ల సిస్టమ్‌లో కనిపిస్తోందో లేదో అడగాలి.